రెండోసారి ఎత్తిన కీర్తన

పార్టిక్, గ్లాస్గో
11 ఫిబ్రవరి 1995

ఒరేయ్ ఫిన్లే,

పదకొండేళ్ళ తర్వాత ఉత్తరం రాస్తూ కుశలప్రశ్నలతో మొదలుపెట్టడం నాకు చేతకాదు. నువ్వు బతికే ఉన్నావని తెలుసు. మన నెస్ నుంచి ఎవరు గ్లాస్గో వచ్చినా, ఎవరి గొర్రె ఎవరి చేలో పడిందో, ఎవరు మారుమనస్సు పొందారో గంటలో నాకు చేరిపోతుంది. నువ్వు మారుమనస్సు పొందావని విన్నరోజు పొట్ట చెక్కలయ్యేలా నవ్వాను. చర్చిలో మా నాన్న కూర్చున్న పీట మీదే కూర్చుని కీర్తన ఎత్తుతున్నావని విన్నరోజు మాత్రం నవ్వు రాలేదు.

సంగతి ఏమిటంటే, మన రికార్డును మళ్ళీ వేస్తున్నారు. ఇక్కడొక చిన్న కంపెనీ ఉంది, దాన్ని సీడీగా తెస్తానంటోంది. దాంతోపాటు ఇరవై పేజీల పుస్తకం, అందులో బ్యాండ్ చరిత్ర. రాయాల్సింది నేను. సెప్టెంబరు ఆఖరుకి ఇవ్వాలి.

'బ్లాక్ మించ్' చరిత్ర! ముగ్గురం, మూడేళ్ళు, ఒకే ఒక్క రికార్డు. నేను పాట, నువ్వు డ్రమ్స్, ఈనియస్ గిటారు. మన దీవికీ మెయిన్‌ల్యాండుకీ మధ్య సముద్రం పేరే పెట్టుకున్నాం. చనిపోయిన తాతల నల్లకోట్లు వేసుకుని, మునిగిన పడవల మీద, తిరిగిరాని మగాళ్ళ మీద పాటలు కట్టాం. పత్రికలవాళ్ళు 'చీకటి రాక్ అండ్ రోల్' అన్నారు. డిసెంబరులో మూడున్నరకే పొద్దుగూకే ఊళ్ళో పుట్టినవాళ్ళకు అది మామూలు వెలుతురే అని వాళ్ళకేం తెలుసు.

మొదటి వాక్యం రాశాను, చదువు: 'మాకు సంగీతం నేర్పింది గిటారు కాదు, చర్చి.' నిజమే కదా. వాయిద్యం లేని చర్చి. ఒక మనిషి కూర్చున్నచోటు నుంచే పంక్తి ఎత్తుతాడు, సంఘమంతా అందుకుంటుంది, ఎవరి నడక వాళ్ళది. మనం చేసిందీ అదే. నేను ఎత్తేదాన్ని, మీరిద్దరూ అందుకునేవాళ్ళు.

ఇక చివరి పాట. నాన్న గొంతు టేపులో ఉన్న పాట. మన ఊరి డాన్సు హాలులో దాన్ని మొదటిసారి వాయించిన రోజు గుర్తుందా? టేపులో నాన్న పంక్తి ఎత్తగానే, జుట్టు ముళ్ళలా నిలబెట్టుకుని బీరు సీసాలు పట్టుకున్న నూటయాభై మంది నోళ్ళు తెరిచి బదులు పాడేశారు. ఎవరూ పాడమనలేదు. మనవాళ్ళు తుమ్మైనా ఆపుకోగలరు గానీ, పంక్తి ఎత్తాక బదులు పాడకుండా ఉండలేరు. పవిత్రమైన కీర్తనను డాన్సు హాలులో సారాకంపు మధ్య పాడించారని వారం తిరక్కుండా సంఘ పెద్దలు నాన్నను పీట దింపేశారు.

నాకు రెండు కావాలి. మనం ఏ ఊళ్ళో ఎప్పుడు వాయించామో తారీఖులు. నాన్న అసలు టేపు. రికార్డు కోసం కత్తిరించింది కాదు, మొత్తం. అది నీ దగ్గరే ఉండాలి.

డొలీనా


నెస్, లూయిస్ దీవి
27 ఫిబ్రవరి 1995

గౌరవనీయులైన డొలీనా గారికి,

మీ ఉత్తరం అందింది. దేవుని దయవల్ల ఇక్కడ అందరం క్షేమం.

మీరు అడిగిన తారీఖులు నా వద్ద లేవు. ఆ రోజులకు సంబంధించినవన్నీ తీసి పారేశాను. నేను ఇప్పుడు వేరే మనిషిని. ఆ రికార్డు తిరిగి రావడం నాకు ఇష్టం లేదు గానీ, దాన్ని ఆపే హక్కు నాకు లేదని తెలుసు.

ఒక్క విన్నపం. చివరి పాటను తీసేయండి. మీ నాన్నగారు ప్రభువు దగ్గరికి వెళ్ళి రెండేళ్ళయింది. ఆయన బతికి ఉండగా దానివల్ల పడింది చాలు. చనిపోయినవారి గొంతును మళ్ళీ బజారుకు ఈడ్చవద్దు. అలాగే ఆ టేపు విషయం చరిత్రలో రాయకపోతే అందరికీ మంచిది.

మీ క్షేమం కోరే,
ఫిన్లే మర్రే


పార్టిక్
5 మార్చి 1995

ఫిన్లే 'గారూ',

నన్ను 'మీరు' అంటున్నావా! తొమ్మిదేళ్ళప్పుడు మా ఇంటి పొయ్యిలోకి ఎండబెట్టిన పీట్ మట్టిపెళ్ళల గుట్ట మీదనుంచి జారి ప్యాంటు చిరిగితే, మీ అమ్మకు తెలియకుండా కుట్టిపెట్టింది ఎవరురా? నీ మర్యాద నీ దగ్గరే అట్టిపెట్టుకో.

'అందరికీ మంచిది' అన్నావు. ఆ అందరూ ఎవరో నేను చెప్తాను, నువ్వొక్కడివే.

ఆ రోజు పెద్దల ముందు జరిగింది మర్చిపోయుంటావు, నేను గుర్తుచేస్తాను. పెద్దాయన ఎవాండర్ కర్ర నేలకు కొట్టి, "టోర్మోడ్ ఇంట్లో ప్రార్థన చేసుకుంటుంటే దొంగచాటుగా టేపు తీసింది ఎవరు?" అని అడిగాడు. నువ్వు. తలుపు వెనక మిషను పెట్టి తీశానని నాతో చెప్పింది నువ్వే. మీ అమ్మ మంచంలో ఉంది, నీ మగ్గం పని సంఘంవాళ్ళ చేతుల్లో ఉంది. నువ్వు కుక్కిన పేనులా కూర్చున్నావు. నేను లేచి "నేనే" అన్నాను. తర్వాత ఎవాండర్ నాన్న వైపు తిరిగి, "నీకు తెలుసా టోర్మోడ్?" అని అడిగాడు. నాన్న ఒక్క మాట మాట్లాడలేదు. నా ముఖం చూడలేదు. దానికే ఆయన్ను దింపేశారు. తొమ్మిదేళ్ళు వెనక బల్లలో కూర్చుని, నోరు మూసుకుని పోయాడు మనిషి.

నేను శనివారం పడవ ఎక్కేశాను. బ్యాండ్ అక్కడితో సరి. ఆ రోజునుంచి నేను ఒక్క పాట పాడలేదు. బడి వంటశాలలో రెండొందల మంది పిల్లలకు చేప ముక్కలతో 'పై' వంటకం చేస్తున్నాను, అది కూడా బాగానే చేస్తాను.

నాన్న ఉత్తరాల్లో గొర్రెలూ గాలీ తప్ప ఏమీ ఉండేవి కావు. ఏటా సెప్టెంబరులో మాత్రం ఉప్పులో ఊరేసిన గూగా పక్షి డబ్బా ఒకటి వచ్చేది, చీటీ కూడా ఉండేది కాదు. అది క్షమించానని పంపేవాడో, ఆ కంపుతో నా ఇరుగుపొరుగును నామీదికి ఉసిగొల్పడానికి పంపేవాడో ఇప్పటికీ తెలియదు. ఆయన పోయాక కూడా రెండు డబ్బాలు వచ్చాయి, చెప్పిపెట్టి పోయాడనుకున్నాను. ఆయన పోయినప్పుడు వచ్చాను. ఆడవాళ్ళు శ్మశానానికి రాకూడదన్నారు, రోడ్డు మలుపులో నిలబడిపోయాను. పాడె మోసినవాళ్ళలో నువ్వున్నావు. కూతురిగా నేను మోయాల్సింది నీ భుజం మోసిందిరా.

చివరి పాట ఉంటుంది. చరిత్రలో టేపు ఎవరు తీశారో కూడా ఉంటుంది. ఇది బెదిరింపే. సెప్టెంబరులోపు నువ్వే ఊళ్ళో చెప్పు, లేదా అచ్చులో చదువుకో.

డొలీనా


నెస్
2 మే 1995

డొలీనా,

రెండు నెలలు ఆలోచించాను. నీ ఉత్తరం జేబులో పెట్టుకుని చర్చికి వెళ్ళాను, వచ్చాను. పీట మీద కూర్చుని పంక్తి ఎత్తకుండా పక్కాయనకు అప్పగించాను. జలుబని చెప్పాను.

నువ్వు రాసినదంతా నిజం. పిరికితనంతో కూర్చున్నాను. పెద్దల ముందు తప్పు ఒప్పుకుంటానని మీ ఇంటికి వచ్చి నీకు చెబుదామనుకున్నాను, నువ్వు అప్పటికే పడవలో ఉన్నావు. ఆ తర్వాత రోజులు గడిచేకొద్దీ చెప్పడం ఇంకా కష్టమైంది. అమ్మ పోయింది. దేవుడు నన్ను పట్టుకున్నాడు, అది నాటకం కాదు, నవ్వితే నవ్వుకో. నా పాపాలన్నీ ఆయన ముందు ఒప్పుకున్నాను. మనుషుల ముందు ఒప్పుకోవాల్సినది ఒక్కటి మిగిలింది.

మగ్గం దగ్గర కూర్చుంటే ఇప్పటికీ నా కాళ్ళు పెడల్ మీద మన పాటల దరువే వేస్తాయి. బట్ట నేసి ఇచ్చాక ఇన్‌స్పెక్టర్ ఒకసారి, "నీ నేత మధ్యలో ఉరుకుతోందేంటి ఫిన్లే?" అన్నాడు.

పెద్దలకు నేను చెప్తాను. కానీ ఆ పాట తీసెయ్. నన్ను కాపాడుకోవడానికి కాదు అడుగుతున్నది. టేపు ఉంది. పారేయలేదు. పంపలేను. మాట ఇచ్చాను.

ఫిన్లే


పార్టిక్
9 మే 1995

ఎవరికి?

డొలీనా


నెస్
30 జూన్ 1995

డొలీనా,

కంపెనీకి రాసేముందు ఇది చదువు. చదివాకే టేపు పెట్టు. రిజిస్టర్ పోస్టులో వేరుగా పంపుతున్నాను.

మీ నాన్నకు ఇచ్చాను మాట.

దొంగచాటుగా తీశానని నీకు చెప్పింది అబద్ధం. మొదట అనుకున్నది అదే. బడినుంచి తెచ్చిన టేపు మిషనుతో తలుపు వెనక నక్కాను. ఆయన ఒక పంక్తి పాడి ఆపేశాడు. "ఫిన్లే, లోపలికి రారా. తలుపు వెనక ఏం దొరుకుతుంది, గాలి తప్ప" అన్నాడు. తిడతాడనుకున్నాను. ఆయన మిషను వైపు చూసి, ఏ బొత్తాం ఏదో అడిగాడు. మిగతాది టేపులో ఉంది, నేను చెప్పడం కంటే వినడం నయం.

పెద్దల ముందు ఆయన అబద్ధం ఆడలేదు, ఆ మనిషికి అది రాదు. నోరు తెరిస్తే 'తెలుసు' అనే చెప్పాలి. అందుకే నోరు మూసుకున్నాడు. ఆ సాయంత్రం మా మగ్గం షెడ్డుకు వచ్చి నా చేత మాట తీసుకున్నాడు. "దానికి చెప్పకు. తెలిస్తే నాకోసం సంఘంతో పోట్లాటకు దిగి ఇక్కడే పాతుకుపోతుంది. దాని గొంతు ఈ దీవిలో పట్టదురా. పోనీ. కోపంతోనైనా పోనీ" అన్నాడు. నువ్వు వెళ్ళి పెద్ద పాటగత్తెవు అవుతావనుకున్నాడు. పాడటమే మానేస్తావని ఆయనకు తట్టలేదు. నాకూ తట్టలేదు.

ఇంకొకటి. ఆయన పోయాక వచ్చిన రెండు గూగా డబ్బాలు నేను పంపినవి. ఆగిపోతే నీకు బాధ అనిపిస్తుందేమోనని.

ఫిన్లే


పార్టిక్
16 జులై 1995

ఫిన్లే,

టేపు పన్నెండుసార్లు విన్నాను. ముందు కోపం సంగతి చెప్తాను, లేకపోతే మిగతాది రాయలేను.

ఇద్దరు మగాళ్ళు మగ్గం షెడ్డులో నిలబడి నా బతుకు ఎలా ఉండాలో తేల్చేసుకున్నారు. నన్ను ఒక్కమాట అడిగారా? నేను పోట్లాడేదాన్నా, పాతుకుపోయేదాన్నా, ఊరు తగలబెట్టేదాన్నా, అది నా ఇష్టం కాదా? నాన్నను నేనే నాశనం చేశానని పదకొండేళ్ళు మోశాను. మంచి ఉద్దేశమట! మీ మంచి ఉద్దేశాలు నా గొంతు మీద కూర్చున్నాయి. నాన్న సమాధి ముందు కూడా ఇదే అంటాను, ఆడవాళ్ళు రాకూడదంటే కంచె దూకి వెళ్ళి మరీ అంటాను.

ఇప్పుడు మిగతాది.

మొదటిసారి ఎత్తినప్పుడు నాన్న గొంతు కిందికి పోయింది. ఆయనే ఆపాడు. "ఇది పల్లానికి పోయింది ఫిన్లే, దీన్ని తీసెయ్. మళ్ళీ ఎత్తుతాను." చూశావా ఆ బడాయి! నలభై ఏళ్ళు పీట మీద కూర్చుని గర్వం పాపమని చెప్పినవాడు, మిషను ముందు గొంతు బాగా రాలేదని రెండోసారి పాడాడు! నేను ఏడుస్తూ నవ్వాను. ఆ తర్వాత నీళ్ళు తాగిన చప్పుడు, గ్లాసు బల్లమీద పెట్టిన చప్పుడు. ఆ మాట.

"దాన్ని నా పీట ఎక్కనివ్వరు కదా, ఆడపిల్లని. దాని పాట నేను కీర్తన ఎత్తే తీరేరా, నాకు తెలీదా, షెడ్డు బయట నిలబడి విన్నాను. అది నా పీట దగ్గరికి రాలేకపోతే నేనే దాని పీట దగ్గరికి పోతాను. బొత్తాం నొక్కు."

ఫిన్లే, మనం మీ షెడ్డులో సాధన చేస్తుంటే ఆయన బయట నిలబడి విన్నాడట.

నిన్న బడికి సెలవు, వంటశాలలో ఎవరూ లేరు. పెద్ద గిన్నెలు తోముతూ, నాన్న ఎత్తిన కీర్తనే ఎత్తాను. గొంతు తుప్పుపట్టింది, రెండో పంక్తికి పగిలింది. ఆగి, నీళ్ళు తాగి, మళ్ళీ ఎత్తాను. మా ఇంట్లో అది ఆచారమని ఇప్పుడే తెలిసింది.

ఇక నీకు నా షరతు. సగం ఒప్పుకోవడం కుదరదు. 'నేను తీశాను' అని చెప్పి తల వంచుకుని బయటికి వచ్చేస్తే నాన్న ఇంకా చేతగాని తండ్రిగానే మిగిలిపోతాడు. టేపు నీకు తిరిగి పంపుతున్నాను, మిషను తీసుకెళ్ళి పెద్దల ముందు పెట్టు. మొదట్నుంచి, నీళ్ళ చప్పుడుతో సహా. నాన్నకు ఇచ్చిన మాట నేను రద్దు చేస్తున్నాను. ఆయన వారసురాలిని నేనే, పాడె మోయనివ్వకపోయినా.

డొలీనా


నెస్
12 సెప్టెంబర్ 1995

డొలీనా,

పెట్టాను.

నిన్న సాయంత్రం పెద్దల సభ. తొమ్మిది మంది, పాస్టరుగారు. నేను నిలబడి, "పదకొండేళ్ళ కిందట డొలీనా చేయలేదు, నేను చేశాను" అన్నాను. బల్లమీద మిషను పెట్టాను. పాస్టరుగారు, "ఇది అవసరమా ఫిన్లే? ఒప్పుకున్నావు, చాలు" అన్నారు. నీ ఉత్తరం లేకపోతే నేను అక్కడే ఆగిపోయేవాణ్ణి, నా సంగతి నీకు తెలుసు. "చాలదండీ, నా భాగం చిన్నది" అన్నాను.

ఎవాండర్‌కు ఇప్పుడు ఎనభై నాలుగు. కళ్ళు సరిగా కనిపించవు, కర్ర మాత్రం అదే. "పెట్టరా. వినకుండా తీర్పు చెప్పడం ఒకసారి చేశాం" అన్నాడు.

మొదటిసారి పల్లానికి పోయింది. నీళ్ళ చప్పుడు. పీట మాట వచ్చినప్పుడు పాస్టరుగారు కిటికీ వైపు తిరిగిపోయారు. ఎవాండర్ తల వంచుకున్నాడు. అప్పుడు మీ నాన్న రెండోసారి పంక్తి ఎత్తాడు.

నీకు గుర్తుందో లేదో, ఆ పంక్తి తర్వాత టేపులో ఖాళీ ఉంటుంది. మీ నాన్న అలవాటుకొద్దీ ఆగాడు, సంఘం బదులు పాడేంత సేపు. ఆ గదిలో ఆ రోజు ఉన్నది నేనొక్కణ్ణే, మైకు పట్టుకుని కూర్చున్నాను. రికార్డులో ఆ ఖాళీలో మన డ్రమ్స్ పడ్డాయి. అసలు టేపులో ఉత్త నిశ్శబ్దం.

నిన్న ఆ ఖాళీ వచ్చింది. ఎవాండర్ కళ్ళు మూసుకుని ఉన్నాడు. నోరు తెరిచాడు. బదులు పాడాడు, డొలీనా. వణికే గొంతుతో, ఒక్కడే, సగం పంక్తి. తర్వాత పక్కనున్నాయన. ఆ తర్వాత అందరూ. టేపు రెండో పంక్తి ఎత్తింది, అందరూ అందుకున్నారు. నాలుగు పంక్తులూ అలాగే నడిచాయి. పాస్టరుగారు ఆపలేదు, నాకు తెలిసి ఆయన కూడా పాడారు. మీ నాన్నను దింపిన మనుషులు మీ నాన్న వెనక పాడారు.

టేపు అయిపోయింది. ఎవాండర్ అన్నాడు, "వాడు మనకోసం ఆగాడురా, చూశారా. బదులొస్తుందని ఆగాడు." ముక్కు చీదుకుని, "దింపిన మాట తప్పని పుస్తకంలో రాయండి. టోర్మోడ్ పేరుతో సహా" అన్నాడు. రాశారు. నా కళ్ళముందే రాశారు.

నన్ను మాత్రం పీట దిగమన్నారు, వచ్చే ప్రభు భోజన సంస్కారం దాకా. న్యాయమే. దిగుతుంటే పదకొండేళ్ళలో మొదటిసారి తేలిగ్గా ఊపిరి ఆడింది.

గూగా వేటకు వెళ్ళిన పడవలు సూలా స్గీర్ దీవి నుంచి వచ్చాయి. గూగా డబ్బా పంపుతున్నాను. ఈసారి చీటీ పెట్టాను.

ఫిన్లే


పార్టిక్
20 సెప్టెంబర్ 1995

ఒరేయ్ ఫిన్లే,

డబ్బా చేరింది. కింద ఇంటావిడ మురికికాలువ పొంగిందనుకుని మునిసిపాలిటీకి ఫోన్ చేసింది. నేను బంగాళాదుంపలతో ఉడకబెట్టుకుని రెండు పూటలా తిన్నాను.

ఎవాండర్‌కు చెప్పు, ఆయన్ను నేను క్షమించలేదు. పుస్తకంలో ఒక ముక్క రాస్తే తొమ్మిదేళ్ళ వెనక బల్ల చెరిగిపోదు. అయినా ఆ సగం పంక్తి పాడినందుకు ఆయన పక్కన ఒకసారి కూర్చుంటానని కూడా చెప్పు.

మన ఊరి డాన్సు హాలు అక్టోబరు పద్నాలుగుకు అడిగాను, ఇచ్చారు. ఈనియస్ ఇన్వర్నెస్‌లో బస్సు నడుపుతున్నాడు, సెలవు పెట్టి వస్తున్నాడు. నల్లకోటు పొట్టకు బిగుతట. పాటలు కొత్తవి మూడు కట్టాను, మూడూ నాన్న మీదే, ఒకదాంట్లో ఆయన్ను తిట్టాను కూడా. చివరి పాటకు టేపు పెట్టను. పంక్తి నేనే ఎత్తుతాను, నిలబడి, ఆడదాన్నై. చర్చి పీట మీవాళ్ళే ఉంచుకోండి, నాకు దానిమీద మోజు తీరిపోయింది. ఎత్తాక ఆగుతాను, బదులొచ్చేదాకా ఆగుతాను. మనవాళ్ళు ఎంతసేపు నోరు మూసుకుని ఉంటారో చూస్తాను.

నువ్వు రావడం నీ మనస్సాక్షి ఇష్టం. వచ్చేట్టయితే కర్రలు తెచ్చుకో, డ్రమ్స్ నేను చూసుకుంటాను.

పుస్తకం చివరి పేజీ ఇలా ఉంటుంది. తప్పులుంటే చెప్పకు, అచ్చుకు వెళ్ళిపోయింది.

డొలీనా మెకాస్కిల్: పాట.
ఈనియస్ మారిసన్: గిటారు.
ఫిన్లే మర్రే: డ్రమ్స్, టేపు.
టోర్మోడ్ మెకాస్కిల్: గొంతు. రెండోసారి, తనంతట తానే.

డొలీనా